ముసలి పిల్లికి పళ్ళు తీయించాలి, మత్తంటే భయంగా ఉంది

మెత్తనిపాదాలు · సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా పిల్లికి పదమూడేళ్ళు. నెల రోజులుగా గిన్నె దగ్గరికి ఆకలితోనే వెళ్తోంది, ఒక ముక్క నోట పెట్టుకుని తల విదిలించి వెనక్కి వచ్చేస్తోంది. డాక్టరుగారు పెదవి ఎత్తి చూపించారు. కింది దవడలో ఒక పంటి మొదట్లో చిన్న గుంట, దాని మీదికి ఎర్రగా పాకిన చిగురు. దూదిపుల్లతో అక్కడ తాకగానే దాని దవడ టకటకా కొట్టుకుంది. పన్ను కరిగిపోతోందట, తీసెయ్యక తప్పదట.

అంతవరకు సరే. ఆ తర్వాత స్టెతస్కోపు పెట్టి విని, గుండెలో మర్మర్, అంటే మామూలు చప్పుడుతో పాటు అదనపు సవ్వడి, ఉందన్నారు. రక్త పరీక్ష, గుండె స్కానింగ్ అయ్యాక పూర్తి మత్తు ఇచ్చి, గొంతులో గొట్టం వేసి చేస్తామన్నారు. నాలుగేళ్ళ క్రితం వేరే చోట పాదంలో గడ్డ కోసినప్పుడు ఒక్క ఇంజెక్షన్‌తో పని అయిపోయింది. కళ్ళు తెరుచుకునే ఉంది, అయినా కదల్లేదు. ఇప్పుడూ అలాగే కానివ్వకూడదా? ఈ వయసులో గొట్టం, మత్తు వాయువు ఇవన్నీ అవసరమా? మూడు రాత్రులుగా నిద్ర లేదు.

పదునైనచూపు · సోమవారం, రాత్రి 10.15

అసలు మత్తే లేకుండా పళ్ళు గీకి శుభ్రం చేసేవాళ్ళున్నారు, ముందు అక్కడ ప్రయత్నించండి. ఇంకో మాట. బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి చదివాను. పిల్లుల్లో గొట్టం వేసినవాటికే ప్రాణాపాయం ఎక్కువని అందులోనే ఉంది. డాక్టర్లు ఈ సంగతి ఎవరికీ చెప్పరు.

నిర్వాహకుడు · సోమవారం, రాత్రి 10.20

చర్చ మొదలయ్యేలోపే ఒక విన్నపం. మందుల పేర్లు చెప్పుకోవచ్చు. ఇంట్లో ఇవ్వడానికి ఎవరూ ఎవరికీ మోతాదు చెప్పవద్దు. అలాంటి టపా కనిపిస్తే తీసేస్తాను.

ఆక్సిజన్‌గొట్టం · సోమవారం, రాత్రి 11.05

మెత్తనిపాదాలు గారూ, పద్నాలుగేళ్ళుగా నా పని ఆపరేషన్ బల్లకు తల వైపు కూర్చోవడం. కత్తి డాక్టరుది, ఊపిరి నాది. అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

కళ్ళు తెరుచుకుని కదలకుండా పడి ఉందన్నారు, బహుశా కెటమిన్ ఇచ్చి ఉంటారు. 1962లో తయారైన మందు, మంచి మందు, నేను రోజూ చూస్తాను. దాని కింద కండరాలు బిగుసుకుంటాయి, కనుపాప నడిమధ్యనే నిలుస్తుంది, రెప్ప వాలదు. అందుకే కంట్లో జిగురు మందు వేస్తాం, లేకపోతే కన్ను ఆరిపోయి పుండు పడుతుంది. అయిదు నిమిషాల్లో గడ్డ కోసి కట్టు కట్టడానికి, తోడు మందులు సరిగా ఉంటే, అది చాలు. కానీ మీరు ఇప్పుడు అడుగుతున్న పని అది కాదు.

పళ్ళ పనిలో నోట్లోకి నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. రక్తం, పంటి గార, చీము అన్నీ గొంతులోకి జారతాయి. శ్వాసనాళంలో గొట్టం, దాని చుట్టూ గాలి నింపిన చిన్న బుడగ ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోవు. కెటమిన్ కింద పిల్లి మింగుతూనే ఉంటుంది. మింగడం ఆగలేదు కదా అని కెటమిన్‌ను నమ్మి గొంతును ఖాళీగా వదలకూడదు. ఆ మింగుడు ఊపిరితిత్తులకు కాపలా కాయదు. పైగా గంట దాటే పనికి సూది మందు మళ్ళీ మళ్ళీ పొడవాలి. ఒకసారి లోపలికి వెళ్ళిన మందును బయటికి లాగలేం. వాయువు అలా కాదు, మీట తిప్పితే నిమిషాల్లో తగ్గుతుంది. ముసలి ప్రాణికి అదే పెద్ద రక్ష.

పదునైనచూపు గారు చెప్పిన అధ్యయనం నిజమే. దాచిపెట్టే సంగతి ఏమీ లేదు, 2008లో అచ్చయింది. 98,036 కుక్కలు, 79,178 పిల్లులు, 8,209 కుందేళ్ళ లెక్క అది. మత్తు సంబంధమైన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్ళలో 1.39. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో 0.11 మాత్రమే, జబ్బుతో ఉన్నవాటిలో 1.40. గొట్టం వేసిన పిల్లుల్లో ముప్పు ఎక్కువ కనిపించిన మాటా అందులో ఉంది. పిల్లి గొంతు చాలా సున్నితం. తొందరపడి తోస్తే బిగుసుకుపోతుంది, వాచిపోతుంది. అందుకే ముందు ఒక చుక్క లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు వేసి, నిమిషం ఆగి, గొంతు వదులయ్యాక నెమ్మదిగా వేయాలి. బుడగను గట్టిగా ఊదకూడదు. పిల్లిని అటు నుంచి ఇటు తిప్పేటప్పుడు యంత్రం నుంచి గొట్టాన్ని విడదీసి తిప్పాలి, లేదంటే లోపల శ్వాసనాళం చీరుకుపోవచ్చు. పళ్ళ పనుల్లోనే ఈ చీలికలు ఎక్కువ, ఎందుకంటే కుడి దవడ, ఎడమ దవడ అంటూ తిప్పుతూనే ఉంటాం. గొట్టం మానేయమని దీని అర్థం కాదు, దాన్ని వేయడం వచ్చిన చెయ్యి కావాలి.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, ఎవరూ దాన్ని పైకి తీయరు. చనిపోయిన పిల్లుల్లో 61 శాతం బల్ల మీద పోలేదు. అంతా అయిపోయి, తేరుకునే సమయంలో పోయాయి. అందులోనూ ఎక్కువ మొదటి మూడు గంటల్లోనే. కాబట్టి ఏ మందు ఇస్తారని అడగండి, తప్పులేదు. దానికన్నా ముందు, అది లేచేదాకా పక్కన ఎవరు కూర్చుంటారని అడగండి.

పదునైనచూపు · సోమవారం, రాత్రి 11.30

సరే, గొట్టం సంగతి ఒప్పుకున్నాను. మత్తు లేకుండా గీకడం గురించి మాత్రం మాట దాటేశారు.

ఆక్సిజన్‌గొట్టం · సోమవారం, రాత్రి 11.42

దాటేయలేదు, వేళ్ళు నొప్పి పుట్టి ఆగాను. మెలకువగా ఉన్న పిల్లి పంటికి బయటి వైపు మాత్రమే గీకగలరు. జబ్బు ఉండేది చిగురు కింద. పైన తెల్లగా మెరుస్తుంది, కింద వేరు కుళ్ళుతూనే ఉంటుంది, ఇంట్లోవాళ్ళేమో బాగైపోయిందనుకుంటారు. ఈ పిల్లికి దూదిపుల్ల తగిలితేనే దవడ కొట్టుకుంది. అక్కడ ఇనుప పరికరం పెడితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. పంటి ఎక్స్‌రే తీయాలంటే నోట్లో ఫలక పెట్టి కదలకుండా ఉంచాలి. మెలకువగా ఉన్న ఏ పిల్లీ దానికి ఒప్పుకోదు.

గంగడోలు · మంగళవారం, ఉదయం 6.10

పెద్ద పశువుల వైద్యుణ్ణి. పిల్లుల గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా కదలకపోవడం గురించి ఒక మాట చెప్పాలి.

గుర్రానికి జైలజీన్ అనే మగత మందు ఇస్తే తల మోకాళ్ళ దాకా వాలుతుంది, కింది పెదవి వేలాడుతుంది, నిలబడే నిద్రపోతున్నట్లు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ధైర్యంగా వెనక కాళ్ళ దగ్గరికి వెళ్తారు. ఆ నిద్రలోంచే అది తన్నిందంటే గురి తప్పదు. మగతలో ఉన్న ప్రాణికి ప్రపంచం దూరమవుతుందే కానీ పోదు. గట్టి చప్పుడు, ఒక పదునైన నొప్పి చాలు, దాన్ని వెనక్కి లాగడానికి. మగత మందు ఒక్కటే ఇచ్చి కత్తి పెట్టేవాళ్ళను నేను చూశాను, వాళ్ళ చేతుల మీద గాట్లనూ చూశాను.

ఆవుల్లో మా పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. ఆవును వీలైనంతవరకు పడుకోబెట్టం. పెద్ద ఆవు మొదటి పొట్టలో వంద లీటర్లకు పైగా సరుకు పులుస్తూ ఉంటుంది. పక్కకు పడితే తేన్పు బయటికి రాదు, పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కేస్తుంది, పొట్టలోని ద్రవం గొంతులోకి పొంగుతుంది. రోజుకు వంద లీటర్లకు మించి ఊరే లాలాజలం ఒకటి, మత్తులోనూ ఆగదు. తప్పనిసరై పడుకోబెడితే, మెడ కింద ఎత్తు పెట్టి మూతి కిందికి వంచి ఉంచుతాం, కారేది బయటికే కారిపోయేలా. అందుకే నిలబడిన ఆవుకు డొక్కలో రెండు శాతం లిగ్నోకైన్‌తో తిమ్మిరి ఎక్కిస్తాం. వెన్ను పక్కన నరాలు బయటికి వచ్చే చోట సరిగ్గా పడిందంటే, కాసేపటికి ఆ వైపు చర్మం వెచ్చబడుతుంది, డొక్క మెత్తగా జారుతుంది. సూదిమొనతో గుచ్చి చూస్తాం. చర్మం అదరకపోతే కోత పెడతాం. భుజం దాకా చెయ్యి పొట్టలో ఉండగా ఆవు నెమరు వేయడం చాలాసార్లు చూశాను. ఒంటి నిండా స్పృహే, ఆ మేర మాత్రం నొప్పి లేదు. మీ పిల్లికి నాలుగేళ్ళ క్రితం జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, అంటే కదల్లేకపోయినా నొప్పి తెలియడం, కాలేదు కదా అని నా అనుమానం. ఆ రోజు తిమ్మిరి మందు, నొప్పి మందు కూడా ఇచ్చారా?

మెత్తనిపాదాలు · మంగళవారం, ఉదయం 7.25

తెలియదండీ. అడగాలని కూడా తట్టలేదు. మీ టపా చదివాక ఆ రోజు దాని కళ్ళే గుర్తుకొస్తున్నాయి.

ఆక్సిజన్‌గొట్టం · మంగళవారం, ఉదయం 7.40

గంగడోలు గారూ, మీ అనుమానం న్యాయమైనదే, అడిగిన వేళే బాగాలేదు. మెత్తనిపాదాలు గారూ, కెటమిన్‌కు సొంతంగా కొంత నొప్పి తగ్గించే గుణం ఉంది. సాధారణంగా దాన్ని ఒంటరిగా ఇవ్వరు కూడా. ఆ కళ్ళను మీరు మోయనక్కర్లేదు.

గంగడోలు · మంగళవారం, ఉదయం 7.55

క్షమించండి. పశువులతో మాట్లాడే అలవాటు, మనుషుల దగ్గర మాట తిన్నగా రాదు.

పాతపుటలు · మంగళవారం, మధ్యాహ్నం 1.30

కదలకపోతే నొప్పి లేనట్లే అనుకోవడం పాత పొరపాటే. చార్లెస్ వాటర్టన్ అనే యాత్రికుడు దక్షిణ అమెరికా నుంచి బాణపు మొనలకు పూసే క్యురారీ విషం తెచ్చాడు. 1814లో లండన్‌లో ఒక గాడిదకు దాన్ని ఎక్కించి చూశారు. పది నిమిషాల్లో చచ్చినట్లు పడిపోయింది. శ్వాసనాళానికి కోత పెట్టి, కొలిమి తిత్తితో రెండు గంటలు ఊపిరి ఊదితే తల ఎత్తింది, ఊదడం ఆపితే మళ్ళీ పడిపోయింది, మళ్ళీ ఊదారు. చివరికి లేచి నిలబడింది. దానికి వూరాలియా అని పేరు పెట్టి పచ్చిక బయల్లో వదిలేశారు, 1839 దాకా బతికింది. కథ ముచ్చటగానే ఉంటుంది కానీ, ఆ విషం కండరాలను ఆపుతుందే తప్ప తెలివిని ఆపదు. ఆ రెండు గంటలూ గాడిదకు అన్నీ తెలిసే ఉండాలి.

నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా గుర్రాలను పడగొట్టడానికి సక్సినైల్‌కోలిన్ ఒక్కటే ఎక్కించిన రోజులున్నాయి. అదీ కండరాలను స్తంభింపజేసేదే. అప్పటికి బ్రిటన్‌లో జంతువులకు శస్త్రచికిత్సలో మత్తు ఇవ్వాలన్న చట్టం, 1919 నాటిది, ఉండనే ఉంది.

గాలివేగం · మంగళవారం, సాయంత్రం 6.05

మా ఇంట్లో రెండు గ్రేహౌండ్లు. ఈ కుక్కల జాతికి థయోపెంటోన్ అనే మత్తు సూది మందు పడదు. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందును నెమ్మదిగా విరుస్తుంది, మామూలు కుక్క లేచే వేళకు ఇవి ఇంకా తూలుతూనే ఉంటాయి. మాకు తెలిసినవాళ్ళ కోలీ జాతి కుక్కకు మగత మందు ఏస్‌ప్రోమజిన్ కొంచెం ఇస్తేనే రోజంతా లేవలేదు. దానికి కారణం జన్యువులో ఉంటుంది, ఎండీఆర్1 అంటారు, పరీక్ష చేయించుకోవచ్చు. పిల్లుల్లో జాతిని బట్టి ఇలాంటిది ఏమైనా ఉందా?

ఆక్సిజన్‌గొట్టం · మంగళవారం, రాత్రి 9.15

ఇంత స్పష్టంగా లేదు. పిల్లుల్లో జాతికన్నా గుండె కండరం మందమయ్యే జబ్బు మమ్మల్ని ఎక్కువ భయపెడుతుంది. మర్మర్ ఉన్న పిల్లులన్నిటికీ ఆ జబ్బు ఉండదు, ఆ జబ్బున్న పిల్లులన్నిటికీ మర్మర్ వినిపించదు. అందుకే స్కానింగ్. జబ్బు ఉంటే సెలైన్ కొంచెం ఎక్కువైనా ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. పైన చెప్పిన అధ్యయనంలో సెలైన్ పెట్టిన పిల్లుల్లోనూ ముప్పు ఎక్కువ కనిపించింది, అది కొంతవరకు ఇందుకేనేమో అని నా ఊహ.

పొడవుచెవులు · మంగళవారం, రాత్రి 9.50

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. మా కుందేలుకు ఎల్లుండి గర్భసంచి తీసే ఆపరేషన్. ముందు రాత్రి నుంచి పస్తు ఉంచాలా?

గంగడోలు · మంగళవారం, రాత్రి 10.02

వద్దు! కుందేలు వాంతి చేసుకోలేదు, పస్తు ఉంచితే పేగుల కదలిక ఆగుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా ఎంత త్వరగా గడ్డి నమిలితే అంత మంచిది. మీ డాక్టరుతో ఒకసారి చెప్పి నిర్ధారించుకోండి. పెద్ద ఆవును ఒక రోజు పస్తుంచే నేనే ఈ మాట చెబుతున్నాను, ఒక్కో పొట్టది ఒక్కో న్యాయం.

ఆక్సిజన్‌గొట్టం · మంగళవారం, రాత్రి 10.10

పిల్లులు, కుక్కల పస్తు కూడా మారింది. రాత్రి పది తర్వాత ఏమీ పెట్టకూడదన్నది పాత మాట. అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాల్లో ఆరోగ్యమైన పెద్దవాటికి నాలుగు నుంచి ఆరు గంటలు చాలంటారు, నీళ్ళు తీసేయనక్కర్లేదు. చక్కెర జబ్బున్నవి, మరీ చిన్న పిల్లలు వేరు.

బొద్దుముక్కు · బుధవారం, రాత్రి 12.40

ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు.

మా పగ్ కుక్క పోయి ఏడాదిన్నర. పిల్లలు పుట్టకుండా చేసే చిన్న ఆపరేషన్. పదిన్నరకు ఫోను చేసి అంతా బాగా జరిగిందన్నారు. పదకొండున్నరకు మళ్ళీ ఫోను వచ్చింది. వెనక గదిలో బోనులో పడుకోబెట్టారట, గొట్టం తీసేశారట, ముందు గదిలో వేరే కేసు వచ్చిందట. వెళ్ళి చూసేసరికి నాలుక నీలంగా ఉందట. ఎంతసేపు ఒంటరిగా ఉందని అడిగాను. ఒకరు అయిదు నిమిషాలన్నారు, ఒకరు ఇరవై అన్నారు.

పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. మొదటి మూడు గంటలని పైన రాశారు చూడండి, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మా వాడికి ఒక గంట కూడా పట్టలేదు.

ఆక్సిజన్‌గొట్టం · బుధవారం, ఉదయం 5.50

బొద్దుముక్కు గారూ, ఇది చదివి డ్యూటీకి వెళ్తున్నాను. మా వృత్తి తరఫున సంజాయిషీ ఏమీ చెప్పను. పొట్టి మూతి కుక్కలకు ముక్కు రంధ్రాలు సన్నం, నోట్లో మెత్తటి అంగిలి పొడవు. గొట్టం ఉన్నంతసేపే వాటికి జీవితంలో సుఖంగా ఊపిరి ఆడుతుంది. మేం వాటికి గొట్టం చివరిదాకా తీయం. తల ఎత్తి, కళ్ళు తెరిచి, గొట్టాన్ని నములుతూ మన వైపు చూస్తున్నా ఉంచుతాం. కొన్ని పగ్‌లు గొట్టంతోనే కూర్చుని గది అంతా పరికిస్తాయి. తీశాక కూడా మూతి ముందు ఆక్సిజన్ పెట్టి, పక్కనే ఉంటాం. ముందు గదిలో ఏ కేసు వచ్చినా సరే.

అది మీరు చూసుకోవాల్సిన పని కాదు.

పదునైనచూపు · బుధవారం, ఉదయం 8.20

బొద్దుముక్కు గారూ, చాలా బాధగా ఉంది. సోమవారం నేను రాసిన తీరుకు సిగ్గుపడుతున్నాను. డాక్టర్లు చెప్పరు అని గొంతు చించుకోవడం తేలిక, ఏమి అడగాలో తెలుసుకోవడం వేరు.

అడుగుజాడ · బుధవారం, మధ్యాహ్నం 3.15

వన్యప్రాణుల దగ్గర పనిచేస్తాను. మా దగ్గర పరిస్థితి మరీ విచిత్రం. రోగి బరువు అంచనా మాత్రమే, రక్త పరీక్ష లేదు, పస్తు లేదు, దూరం నుంచి బాణం సూది. ఏనుగుకు ఎటార్ఫిన్ అనే మత్తుమందు వాడతారు, మార్ఫిన్‌కు వెయ్యి రెట్లు పైమాట. చర్మం మీద చుక్క పడితే మనిషి ప్రాణానికే ముప్పు. విరుగుడు సిరంజిలో నింపి జేబులో పెట్టుకోకుండా మందు సీసా మూత తీయరు. ఏనుగు బోర్లా, రొమ్ము మీద పడిందంటే అందరం పరిగెత్తి తాళ్ళతో పక్కకు తోస్తాం. దాని ఊపిరితిత్తులు పక్కటెముకల గోడకు అతుక్కుని ఉంటాయి, ఆ బరువు కింద ఛాతీ కదలక నిమిషాల్లో ఊపిరి ఆడదు. తొండం చివర మూసుకుపోకుండా ఒక మనిషి ప్రత్యేకంగా పట్టుకుని కూర్చుంటాడు.

ఖడ్గమృగాలను మత్తు ఇచ్చి హెలికాప్టర్‌కు తలకిందులుగా, కాళ్ళతో వేలాడదీసి తరలిస్తారు. చూడటానికి ఘోరం. నమీబియాలో పన్నెండు నల్ల ఖడ్గమృగాల మీద పరీక్షిస్తే, పక్కకు పడుకోబెట్టినప్పటికన్నా వేలాడేటప్పుడే ఊపిరి కొంచెం మెరుగని తేలింది. 2021లో ఆ పరిశోధనకు ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే బహుమతి అది.

జీనుసంచి · బుధవారం, సాయంత్రం 5.00

గుర్రాల్లో అసలు గండం లేవడమే. అయిదు వందల కిలోల ప్రాణి, కళ్ళు సగం తెరుచుకోగానే పారిపోవాలన్న పుట్టు బుద్ధి, కాళ్ళింకా వశంలో ఉండవు. లేస్తుంది, పడుతుంది, ఎముక విరుగుతుంది. 2002లో వచ్చిన లెక్కలో కడుపు నొప్పి కేసులు తీసేసినా నూటికి దాదాపు ఒకటి పోయింది. అందుకే నాలుగు గోడలకూ మెత్తలు, తలకూ తోకకూ తాళ్ళు, మసక వెలుతురు, మాటలు బంద్. 2006లో బార్బరో అనే పందెపు గుర్రాన్ని కాలి శస్త్రచికిత్స తర్వాత రబ్బరు తెప్పలో పెట్టి నీటి కొలనులో లేపారు, తన్నినా నీటినే తన్నుతుందని.

మెత్తనిపాదాలు · గురువారం, సాయంత్రం 7.30

స్కానింగ్ అయింది. గుండె గోడలు మందంగా లేవు. కంగారు పడినప్పుడు వినిపించే రకం మర్మర్ అట, ముసలి పిల్లుల్లో మామూలేనట. మూత్రపిండాల అంకె ఒకటి గీత దాటి కొంచెం పైకి ఉంది, రక్తపోటు, థైరాయిడ్ బాగున్నాయి. సోమవారం ఉదయం ఆపరేషన్.

మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళి అడిగాను. తేరుకునేదాకా ఒక నర్సు పక్కనే ఉంటుందని, ఆమెకు ఆ సమయంలో వేరే పని అప్పగించరని డాక్టరుగారు చెప్పారు. నోరు తెరిచి ఉంచడానికి స్ప్రింగు సాధనం వాడతారా అనీ అడిగాను, ఎక్కడో చదివి. ఆయన ఆశ్చర్యపోయి నవ్వారు. వాడరట, నోరు మరీ వెడల్పుగా సాగదీస్తే మెదడుకు వెళ్ళే రక్తనాళం నొక్కుకుని పిల్లికి చూపు పోవచ్చట, చిన్న ప్లాస్టిక్ ముక్క పెడతారట.

ముందు రోజు రాత్రి, ఆ రోజు ఉదయం ఇవ్వడానికి గాబాపెంటిన్ రాశారు, బుట్టలో కంగారు పడకుండా. అది మత్తుమందేనా?

ఆక్సిజన్‌గొట్టం · గురువారం, రాత్రి 8.45

కాదు, కంగారు తగ్గించేది. పిల్లి కొంచెం వంకరగా నడవవచ్చు, ఎత్తుల మీదికి ఎక్కనివ్వకండి. మీ డాక్టరు రాసిన రూపంలోనే వాడండి. మనుషుల కోసం చేసే ద్రవం కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, ఇంట్లో కుక్క ఉంటే దానికి అది విషం.

ఇంటికి తెచ్చాక ఒక గదిలో నేల మీదే పడక వేయండి. కనుపాపలు పెద్దవిగా ఉంటాయి, దీపం తగ్గించండి. వేడి నీళ్ళ సంచి, కరెంటు మెత్త వద్దు. మత్తులో ఉన్న ప్రాణి చర్మం కాలుతున్నా పక్కకు జరగలేదు. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే వేరుగా ఉంచండి. ఆసుపత్రి వాసన పట్టి వచ్చిన తోబుట్టువును గుర్తుపట్టక మీద పడే పిల్లులను చాలా చూశాను.

మెత్తనిపాదాలు · సోమవారం, ఉదయం 11.20

లోపలికి తీసుకెళ్ళి గంట దాటింది. ఇక్కడ కుర్చీలో కూర్చున్నాను. ఎవరైనా ఏదైనా రాయండి, చదువుకుంటాను.

గంగడోలు · సోమవారం, ఉదయం 11.26

ఇప్పుడు అది చేస్తున్నది ఒక్కటే, ఊపిరి తీసుకోవడం. ఈపాటికి కనుగుడ్డు లోపలికి, కిందికి తిరిగి ఉంటుంది. తెల్లగుడ్డు కనిపిస్తే అందరూ భయపడతారు కానీ, మాకు అదే కావలసిన లోతు. కన్ను మళ్ళీ మధ్యకు వస్తేనే తల గోక్కుంటాం, తేలిక అయిందా, మరీ లోతుకు పోయిందా అని. అప్పుడు దవడ లాగి చూస్తాం, రెప్ప అంచు తాకి చూస్తాం. ఎన్ని యంత్రాలున్నా చివరికి వేలే.

బొద్దుముక్కు · సోమవారం, ఉదయం 11.31

నేనూ ఇక్కడే ఉన్నాను.

పొడవుచెవులు · సోమవారం, ఉదయం 11.40

మా కుందేలు ఆ రోజు సాయంత్రమే గడ్డి నమిలింది. చెప్పడం మరిచిపోయాను.

మెత్తనిపాదాలు · మంగళవారం, ఉదయం 10.05

ఇంట్లో ఉంది. రాత్రి పదికి మెత్తటి తిండి రెండు చెంచాలు తింది, తల విదిలించలేదు. ఎక్స్‌రేలో ఇంకో రెండు పళ్ళకు కూడా అదే జబ్బు కనిపించింది, మొత్తం మూడు తీశారు. ముందు కాలి మీద సూది కోసం గొరిగిన చోట గులాబీ రంగు చర్మం, దాన్నే నాకుతూ కూర్చుంది.

ఆక్సిజన్‌గొట్టం గారూ, మత్తు నమోదు కాగితం అడిగితే నకలు ఇచ్చారు. ఇంత వివరంగా ఉంటుందనుకోలేదు. అయిదు నిమిషాలకొక చుక్క, గంటా నలభై నిమిషాలు. గుండె వేగం ఒక వరస, రక్తపోటు ఒక వరస, బయటికి వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ 38, 40, 41. దవడ నరానికి తిమ్మిరి మందు వేసిన సమయం. ముప్పై అయిదో నిమిషంలో రక్తపోటు చుక్క ఒక్కసారిగా 78కి దిగింది, పక్కన చిన్న అక్షరాలతో ‘వాయువు తగ్గించాం’ అని ఉంది. తర్వాతి చుక్క 92, ఆ తర్వాతిది 104. ఒంటి వేడి 38.3 నుంచి 36.4కి, మళ్ళీ నెమ్మదిగా పైకి. గొట్టం తీసింది 12.10. కింద వేరే చేతిరాతతో: 12.20 తల ఎత్తింది. 12.35 బోర్లా కూర్చుంది. 12.50 అరిచింది. 1.15 దుప్పటి తీసి పారేసింది.

ఆ వాయువు తగ్గించిన నిమిషంలో నేను ఇక్కడ మీ టపాలు చదువుతూ ఉండి ఉంటాను.

ఆక్సిజన్‌గొట్టం · మంగళవారం, ఉదయం 10.30

ఆ కాగితం దాచండి. ఇంకెప్పుడైనా మత్తు అవసరమైతే ముందు అదే చూపించండి, ఎక్కడ జారిందో, ఎలా తిరిగొచ్చిందో ఆ డాక్టరుకు తెలుస్తుంది.

బొద్దుముక్కు · మంగళవారం, ఉదయం 10.48

మా వాడికి కూడా ఇలాంటి కాగితం ఉండి ఉంటుందా? ఏడాదిన్నర తర్వాత అడిగితే ఇస్తారా?

ఆక్సిజన్‌గొట్టం · మంగళవారం, ఉదయం 10.52

ఉండాలి. అడగడానికి ఆలస్యమేమీ కాలేదు, అడగండి. గొట్టం తీసిన సమయం, దాని తర్వాతి గీత చూడండి. అక్కడ ఖాళీ ఉన్నా, ఆ ఖాళీ కూడా మీకు తెలియాల్సిందే.

బొద్దుముక్కు · మంగళవారం, ఉదయం 11.15

రేపు వెళ్తాను.